నాన్న పాటల కంప్యూటర్

"ఫార్మాట్ కొట్టెయ్యరా, గొడవ వదులుద్ది," అన్నాడు ఫోన్లో స్నేహితుడు త్రినాథ్.

"కొడితే నాన్న గొంతు కూడా పోద్దిరా," అన్నాడు నతానియేలు.

చర్చిలో పాటలు పాడించిన నాన్న ప్రేమదాసు గారు పోయి ఏడాదయింది. ఆయన గొంతు ఈ పాత కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు.

చీకటి పడింది. సిస్టమ్ ఫైలు దొరకడం లేదంటూ తెర నల్లగా ఆగిపోయింది. నతానియేలు పెన్‌డ్రైవ్ పెట్టి రిపేరు మొదలుపెట్టాడు. పక్కగదిలో పోసిన మిరపకాయల ఘాటు గొంతులో గుచ్చుతోంది. నాన్న ఈ కంప్యూటర్లో పాటలు రికార్డు చేసేటప్పుడూ ఇంతే. పాట మధ్యలో నాన్న దగ్గేవాడు, అమ్మ నీళ్ళు తెచ్చేది, రికార్డింగు మళ్ళీ మొదటికొచ్చేది.

స్పీకర్లో ఎవరో దగ్గారు.

విండోస్ ఇంకా లేవనే లేదు. అతను ఏ పాటా పెట్టలేదు.

వంటింట్లోంచి అమ్మ గబగబా నీళ్ళ గ్లాసుతో వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"దగ్గింది నువ్వేనా?"

"కాదమ్మా."

స్పీకర్లో ఆ గొంతు సవరించుకుని పల్లవి ఎత్తుకుంది. అది నాన్న గొంతే. పాట మాత్రం వాళ్ళిద్దరూ ఎన్నడూ విననిది.

రిపేరు పూర్తయింది, రీస్టార్ట్ చేయమంది తెర. చేస్తే పాత పాటలన్నీ దొరుకుతాయి. ఈ పాట ఆగిపోతుంది.

అతని వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఉండరా," అంది అమ్మ మెల్లగా. "చరణం అందుకోనీ."