బేకన్ పెళ్ళిచూపులు

"ఇంకో నిమిషం ఉంచితే బొగ్గయిపోద్దండీ, దింపండి" అంది సంపూర్ణమ్మ.

"ఇప్పుడు దింపితే పచ్చిది తిన్నట్టుంటది. నువ్వు కాస్త అవతలికి జరుగు" అన్నాడు అంతోని.

ఒకటే పొయ్యి, ఒకటే పెనం. దాని మీద చుయ్యిమంటూ వేగుతోంది బేకన్. ఉప్పులో ఊరి, పొగ పట్టిన ఆ పంది మాంసం పట్టీలు విరిస్తే ఫట్టున విరగాలని ఆయన పంతం. కొవ్వు కరిగీ కరగకుండా, వంచితే వంగేట్టు ఉండాలని ఆవిడ పంతం. గుణదలలోని ఆ ఇంట్లో చర్చిలో పూజ అయి వచ్చాక ప్రతి ఆదివారం జరిగే యుద్ధమే ఇది. కాకపోతే ఈ ఆదివారం దాన్ని వింటూ హాల్లో సోఫా అంచున ఓ కుర్రాడు చెమటలు కక్కుతున్నాడు.

అతని పేరు చక్రి. చల్లపల్లి దగ్గర రైతుల బిడ్డ. అంతోని కూతురు డయానా పనిచేసే కాలేజీలోనే ఫిజిక్స్ చెబుతాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారు. చక్రి ఇంట్లో వాళ్ళు నెల్లాళ్ళు అలిగి, ఆఖరికి సరే అన్నారు. ఇక అంతోని ఒక్కడే మిగిలాడు. ఆయన అబ్బాయి జీతం అడగలేదు, పొలం అడగలేదు. ఆదివారం టిఫినుకు రమ్మను, తింటుంటే చూడాలి అన్నాడు.

డయానా వారం ముందే చక్రికి పాఠం చెప్పింది. బేకన్ ఎలా ఇష్టమని నాన్న అడిగి తీరతాడు, కరకరలాడాలని చెప్పు, మెత్తగా అన్నావో మన పెళ్ళి కృష్ణలో కలిసిపోయినట్టే అంది. పాపం చక్రి జన్మలో పంది మాంసం ముట్టినవాడు కాదు. అయినా రెండు ప్యాకెట్లు కొని, రూములో తలుపేసుకుని సాధన చేశాడు. అక్కడే వచ్చింది చిక్కు. కరకరలాడే ముక్క నోట్లో పెడితే మాడిన అప్పడం నమిలినట్టే ఉంది. మెత్తటి ముక్కకి మాత్రం పాపిష్టి నాలుక మొదటి రోజే పడిపోయింది. ఆ సంగతి అతను డయానాకి కూడా చెప్పలేదు.

బల్ల మీదకి రెండు పళ్ళేలు వచ్చాయి. ఒకటి అంతోనిది, ఒకటి సంపూర్ణమ్మది. డయానా అలవాటుగా తండ్రి పళ్ళెంలోంచి రెండు ముక్కలు తీసుకుంది.

"నీకెలా ఉండాలి బాబూ?" అన్నాడు అంతోని.

చక్రి మెత్తటి ముక్కల మీంచి చూపు బలవంతాన మళ్ళించాడు. "కరకరలాడాలండీ. మెత్తగా ఉంటే అసలు ముట్టనండీ" అన్నాడు.

అంతోని మూడు ముక్కలు వడ్డించాడు. చక్రి పక్కింటికి వినపడేంత గట్టిగా నమిలాడు. కాఫీతో తోసి తోసి మింగాడు. బల్ల కింద డయానా అతని కాలు మెచ్చుకోలుగా తొక్కింది. చిన్నబుచ్చుకోవలసిన సంపూర్ణమ్మ కూడా ఎందుకో ముఖం చాటంత చేసుకుని నవ్వుతూ, ఇంకో కప్పు పోయనా బాబూ అని అడిగింది.

"మా అమ్మాయికీ ఇదే ఇష్టం, తెలుసా?" అన్నాడు అంతోని.

"తెలుసండీ. మా ఇద్దరికీ అన్నిట్లో ఒకటే టేస్టండీ."

అంతోని చేతులు తుడుచుకున్నాడు. "అయితే ఈ పెళ్ళి కుదరదు."

డయానా చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"ముప్పయ్యేళ్ళ నుంచీ మేమిద్దరం పొయ్యి దగ్గర కొట్టుకుంటున్నాం" అన్నాడాయన శాంతంగా. "పళ్ళెం దగ్గర మాత్రం ఒక్కనాడు కొట్టుకోలేదు. కోడిలో నాకు లెగ్గు, ఆవిడకి లివరు. చేపలో నాకు నడుం ముక్క, ఆవిడకి తలకాయ. ఎవరిది వాళ్ళకి. మీరిద్దరూ ఒకే ముక్క మీద చెయ్యేస్తే రోజూ ఎవరో ఒకరు త్యాగం చెయ్యాల. ఆ త్యాగాలన్నీ పదేళ్ళ తర్వాత కక్కుకుంటారు. నా కూతురికి ఆ బాధ వద్దు."

చక్రికి తన నోరు తనే నొక్కేసుకోవాలనిపించింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. డయానా కళ్ళల్లో నీళ్ళు చూశాక మాత్రం ఆగలేకపోయాడు.

"అబద్ధం చెప్పానండీ. నాకు మెత్తటిదే ఇష్టమండీ. ఆ మూడు ముక్కలు ఎలా మింగానో నాకే తెలుసు."

అంతోని నమ్మలేదు. పెళ్ళి కోసం ఏదైనా అంటావులే అన్నాడు. చక్రి ఇక మాటలు పెట్టుకోలేదు. చెయ్యి చాచి సంపూర్ణమ్మ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. అవి తెరవకుండానే రెండోది తీసుకున్నాడు. తర్వాత మూడోది.

అంతోని ఆ ముఖం వంక తేరిపార చూశాడు. నటిస్తే వచ్చే ముఖం కాదది. లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యేసి, మెల్లగా తిను అల్లుడూ అన్నాడు. డయానా ఏడుస్తూనే నవ్వేసింది. ఈ జన్మకి ఇంకేం అక్కర్లేదనిపించింది చక్రికి.

"ఏమంటావు మరి, ఖాయం చేసేద్దామా?" అని అంతోని భార్య వంక తిరిగాడు.

సంపూర్ణమ్మ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ఆవిడ మిగిలిన ఒక్క ముక్కతో సహా పళ్ళేన్ని ఒళ్ళోకి లాక్కుని, పైన కొంగు కప్పుకుంది.

"నాకీ సంబంధం ఇష్టం లేదండీ."