మూతి లేపిన బండి

కోల్బీ రస్టాడ్ బండికి ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు కొడతాడు.

కొట్టక ఏం చేస్తారు? పికప్ ట్రక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే మూతి కాస్త కిందికి ఉంటుంది, వెనక బరువెక్కితే సమం అవ్వాలని. కోల్బీకి ఆ వాలు నచ్చలేదు. స్నేహితుడి షెడ్డులో ముందు స్ప్రింగుల మీద ఇనుప బిళ్ళలు పెట్టించి మూతి లేపించాడు.

బండి ఎద్దులా నిలబడింది. లైట్లు మాత్రం సరాసరి ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి పోతున్నాయి.

వాళ్ళు ఒకసారి కొడితే కోల్బీ రెండుసార్లు కొట్టేవాడు.

కొన్నాళ్ళకి గుంటలో పడ్డప్పుడల్లా కుడి ముందు చక్రం దగ్గర టక్కుమనడం మొదలైంది. రేడియో సౌండ్ పెంచాడు.

ఆ శనివారం అతని వెనక ఒక్క గుర్రం పట్టే ట్రెయిలర్‌లో అక్క బ్రిట్టా గుర్రం ఉంది. మధ్యాహ్నం పందెం, మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని అందరికన్నా త్వరగా తిప్పి తేవాలి. బ్రిట్టా ముందురోజే మైదానానికి వెళ్ళిపోయింది. ఆమెది ఏటా రెండో స్థానమే. ఎవరో హాగెన్ అట, ప్రతిసారీ రెప్పపాటు ముందుంటుంది. ఈసారి మొదటి స్థానం వస్తేనే రాష్ట్ర పోటీలకి పిలుపు. గుర్రాన్ని నా బండిలో తెస్తానని పట్టుబట్టింది కోల్బీయే.

మోంటానా రాష్ట్రమంతా కార్చిచ్చు పొగ. పట్టపగలే అందరూ లైట్లు వేసుకుని నడుపుతున్నారు. వెనక గుర్రం బరువుకి కోల్బీ బండి మూతి ఇంకా పైకి లేచి ఆకాశాన్ని చూస్తోంది.

ముందు ఒక పాత ట్రక్కు, దాని వెనకా కోల్బీదిలాగే ఒక్క గుర్రం పట్టే ట్రెయిలర్. మూతి కిందికేసుకుని నింపాదిగా పోతోంది.

దాన్ని దాటేశాడు.

దాటాడో లేదో వెనకనుంచి లైట్లు. హారన్. మళ్ళీ లైట్లు.

మామూలే కదా అనుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, చూపించకూడని వేలు చూపించాడు.

ఆ బండి వదల్లేదు. కొండ దిగుడు ఇంకా మొదలవలేదనగా పక్కనుంచి దూసుకొచ్చి, ముందుకెళ్ళి, మెల్లమెల్లగా ఆగింది. కోల్బీకి ఆపక తప్పలేదు.

అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. అరవై ఉంటాయి.

"లైట్లు పడితే కళ్ళు మూసుకోవాలి పెద్దమ్మా, రోడ్డు మూసెయ్యకూడదు," అన్నాడు కోల్బీ.

"లైట్ల సంగతి తర్వాత. నీ చక్రం చూసుకో బాబూ."

కుడి చక్రం పైభాగం తాగినవాడి తలలా బయటికి వాలిపోయి ఉంది. కాలితో తంతే ఊగింది. మూతి లేపిన రోజు నుంచీ వంకరగా నలిగి నలిగి, చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్ ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది. ఇక ముందంతా దిగుడు. పక్కన లోయ.

కోల్బీకి లోయ కన్నా ముందు అక్క గుర్తొచ్చింది.

ఫోన్‌కి సిగ్నల్ లేదు. వేరే బండి వచ్చే సూచనా లేదు. పందెం గురించి, ఏటా వచ్చే రెండో స్థానం గురించి, ఆ హాగెన్ గురించి మొత్తం ఆవిడకే చెప్పేశాడు. ఏడుపొక్కటే తక్కువ. అక్క ముఖం ఎలా చూడాలో తెలీడం లేదన్నాడు.

ఆవిడ తన ట్రెయిలర్ తలుపు తీసి గుర్రాన్ని దించింది. ట్రెయిలర్‌ని బండి కొక్కెం నుంచి విప్పింది. బండి తాళాలు కోల్బీ చేతిలో పెట్టింది.

"నీ ట్రెయిలర్ దీనికి తగిలించుకో. సాయంత్రం బండి తెచ్చివ్వు."

"మరి మీరు?"

"ఈ గుర్రం కొత్తవాళ్ళ దగ్గర నిలబడదు. ఇద్దరం ఇక్కడే ఉంటాం."

ముక్కూమొహం తెలియనివాడికి బండి ఇచ్చేస్తోంది, కాస్త తిక్కేమో అనుకున్నాడు కోల్బీ. అయినా మర్యాదకి అడిగాడు, మనవరాలి గుర్రమా అని.

"నాదే. మూడు చుట్లు తిప్పి తీసుకొద్దామని బయల్దేరా."

"ఇంకో రోజు తిప్పుకోవచ్చులెండి."

"తిప్పుకోవచ్చు. ముందు నువ్వు కదులు."

థాంక్స్ చెప్పాడో లేదో అతనికే గుర్తులేదు.

మైదానం చేరేసరికి మైకులో పేర్లు పిలుస్తున్నారు. షెడ్ల వెనక బండి ఆపి, గుర్రాన్ని పరుగున తీసుకెళ్ళి అక్కకి అప్పగించాడు. ఎందుకింత ఆలస్యమని తిట్టే తీరిక కూడా ఆమెకి లేదు.

మైకులో హాగెన్ పేరు వినిపించింది. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి కూడా పిలిచి, పేరు కొట్టేశామని చెప్పారు.

పీడ వదిలిందని కోల్బీ ఈల వేశాడు.

బ్రిట్టా గుర్రం మూడు పీపాల చుట్టూ మెరుపులా తిరిగొచ్చింది. ఒక్క పీపా కూడా కదల్లేదు. మొదటి స్థానం ఆమెదేనని మైకు చెప్పింది.

కోల్బీ గొంతు పోయేలా అరిచి, కంచె దూకి వెళ్ళి అక్కని ఎత్తుకుని తిప్పాడు. రాష్ట్ర పోటీలకి కూడా గుర్రాన్ని తనే తీసుకెళ్తానన్నాడు. చక్రం సంగతి చెప్పలేదు.

ఇద్దరూ గుర్రాన్ని నడిపించుకుంటూ షెడ్ల వైపు వచ్చారు. బ్రిట్టా ముఖంలో గెలిచిన కళ పూర్తిగా లేదు. హాగెన్‌తో తలపడి గెలిస్తే ఆ రుచే వేరంది.

"రానివాళ్ళ గురించి నీకెందుకక్కా?"

"రాకపోవడమేంట్రా, వచ్చింది. ఎందుకు పందెంలోకి దిగలేదో మరి. అదిగో, హాగెన్ బండి అదే కదా," అంది బ్రిట్టా, కోల్బీ నడుపుకొచ్చిన బండిని చూపిస్తూ.