కొబ్బరితోటలోంచి కేక

నేను అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకొని చదవండి. నా చెయ్యి కూడా నెమ్మది.

కవిటి దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. ఒకనాడు దొరల సింఫనీ బృందం పలాసలో రైలు దిగి, బళ్ల మీద మా ఊరొచ్చింది. సాయంత్రం బడి ముందు కూర్చుని పిల్లలకూ ఊరందరికీ వాయించింది. చేపల వేటకు వెళ్లిన నా మొగుడు కన్నయ్య ఇంకా రాలేదు. చీకటిపడ్డాక వచ్చే మగవాళ్లు నీళ్ల మీంచి ఎవరి కేక వాళ్లు వేస్తారు. ఇంటివాళ్లు బదులు పలికితే, ఆ గొంతును బట్టి తెప్ప ఒడ్డు చేరుతుంది. అందుకే నేను సముద్రం వైపు చెవి ఒగ్గి కూర్చున్నాను.

"సంగీతం ఇక్కడైతే అటు సూత్తావేటొలే? నీ మొగుడేటి సముద్రంలో ఫిడేలు వాయిత్తన్నాడా?" అంది పక్కింటి ఎర్రమ్మ.

ముందు నిలబడ్డ దొర చేతిలోని కర్ర దించాడు. వాద్యాలన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో కన్నయ్య కేక వినిపించింది. సముద్రం మీంచి కాదు, వాయించేవాళ్ల వెనకున్న కొబ్బరితోటలోంచి.

ఎర్రమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పలక్కొలే. ఆడు నీళ్లమీదుండాల."

పలక్కపోతే అతను దారి తప్పుతాడేమో. పలికితే వచ్చేది ఎవరో.

కేక మళ్లీ వచ్చింది, ఈసారి దగ్గరగా. బడిపిల్లల మధ్యనుంచి నా కూతురు లేచింది.

"అయ్యా! ఇటే, ఇటే!"

చివరి వరుసలోని వాద్యగాళ్లు వెనక్కి తిరిగి చూశారు. తర్వాత కుర్చీలు జరిపి, తోటలోంచి వచ్చేవాడికి దారి ఇచ్చారు.

పెద్దతల్లి, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు టెక్కలిలో ఒక్కదాన్నే ఉంటున్నాను.