దగ్గు తీసేసిన పాఠం

ఏ టీచరు సెలవు పెట్టినా ఇప్పుడు వాళ్ల కంప్యూటర్ డూపే తెర మీదికొచ్చి పాఠం చెబుతుంది. ఏడాది పొడుగునా ఆ టీచరు తరగతిలో చెప్పిందంతా విని నేర్చుకున్న డూపు అది. సిలబస్ దానితోనే పూర్తయితే టీచరు పోస్టు ఎత్తేస్తారు. అందుకే సోషల్ టీచరు సుభద్ర ఊపిరితిత్తుల జబ్బు పెట్టుకుని కూడా ఒక్క రోజూ మానలేదు. పరీక్షల ముందు చివరి వారంలో మాత్రం మంచం దిగలేకపోయింది.

పడుకునే ఫోన్‌లో తన పదో తరగతిని చూసింది. తెర మీద డూపు పాఠం చెబుతూ చెబుతూ ఆగి, అచ్చం ఆమెలాగే దగ్గింది. అదీ నేర్చుకుంది. ముందు బెంచీ అక్షిత అలవాటుగా లేచి, గ్లాసులో నీళ్లు పోసి తెర ముందు పెట్టింది. క్లాసంతా గొల్లుమంది.

"డూపు నీళ్లు తాగుతదానే, పిచ్చిదానా!"

"మరి టీచర్ దగ్గుతుంది గదరా."

సుభద్రకు కళ్లు నిండాయి. వెంటనే హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది.

"సార్, రేపు ఎట్లన్న జేసి వస్త. పిల్లలు నన్ను మర్చిపోలే."

"నేను గూడ చూసిన మేడం. పిల్లలు డిస్టర్బ్ అయితుండ్రని అప్పుడే కంప్లయింట్ పెట్టిన. రేపటికల్లా దగ్గు తీసేస్తరట. మీరు పరేషాన్ గాకుండ్రి, పండుకోండ్రి."

మర్నాడు తెర మీది సుభద్ర ఎక్కడా ఆగలేదు. సిలబస్‌లో మిగిలిన రెండు పాఠాలూ పూర్తి చేసేసింది. అక్షిత గ్లాసు నింపుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బెల్లు కొట్టాక ఆ నీళ్లు తనే తాగేసింది.