బొరియ మూసే వేళ

సాయంత్రమైంది. గాలి లేదు, ఒకటే ఉక్క. చెరువు అడుగంటింది. వేసవి ముదిరితే బొరియ నోటికి మట్టి పెట్టి మూసుకోవడం పీతల ఆచారం. తల్లిపీత మట్టిముద్ద పెడుతోంది, తీస్తోంది. పెద్దకూతురూ కొడుకూ తెల్లవారుతూనే ఏటికి వెళ్ళిపోయారు.

"ఏరు ఎండదటమ్మా. ఇక్కడ ఎన్నాళ్ళని బురద నాకుతాం?" అంది పెద్దది, వెళ్తూ.

"మూసెయ్ వదినా!" పక్క బొరియ పీత కసిరింది. "పోయినవాళ్ళ కోసం ఉన్నవాళ్ళని ఎండబెడతావా?"

నిజమే, లోపల చిన్నవాళ్ళిద్దరికీ తడి ఆరిపోతోంది. తల్లి ముద్ద పెట్టేసింది. అంతలో కాళ్ళ చప్పుడైతే మళ్ళీ తీసింది.

కొడుకు! ఒక డెక్క లేదు.

"కొంగ పట్టుకుందమ్మా. డెక్క దానికే వదిలేసి వచ్చా."

"అక్కేదిరా?"

"ఏట్లో దిగింది. రాయి కింద బొరియ కూడా తవ్వుకుంది. నన్నూ ఉండమంది."

"మరి ఉండకపోయావా?"

"ముందుకు చూసి నడవడం మనకి రాదు కదమ్మా! దారంతా చూపు ఇటే లాగింది."

తల్లి వాణ్ణి లోపలికి లాక్కుని బొరియ మూసింది. చీకట్లో తడిమి లెక్కపెట్టింది. చిన్నవాళ్ళిద్దరు, వీడు. ముగ్గురు.

మనసు కుదుటపడలేదు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఈసారి ఏట్లో రాయి కింద ఉన్నదాన్నీ కలుపుకుంది.

నలుగురూ ఇల్లు చేరారు.