పగుళ్ళ నేల

"పోటీకి ఆలంగుళం ఊరిదాకా పోవాల్సిన పని లేదు. ఎద్దుబండ్ల మాదిరే ఈ ఏడు డీజిల్ కార్ల పోటీ కూడా నా పొలంలోనే," అన్నాడు కృష్ణసామి. పోటీకి పొలమిచ్చిన మనిషికే మొదటి తలపాగా కట్టడం అక్కడి వాడుక.

"అయితే నా పేరు కొట్టేయండి పెదనాయనా. ఈ నేలమీద నేను కారు తోలను," అంది కార్తిక.

"ఇరవై ఏండ్లు ఎద్దుబండ్లు పరిగెత్తిన నేల ఇది. ఇంజనీరింగు చదివితే మన్నుకే వంక పెడతావా?"

"ఎద్దు పగులు చూసి కాలు ఎత్తి వేస్తుంది. చక్రానికి కండ్లు యాడుండాయి?"

ఆమె వంగి, ఎండిన నల్లరేగడి పగుల్లోకి చెయ్యి దించింది. మోచేతి దాకా దిగిపోయింది.

"ఆలంగుళం పాత గని రోడ్డు రాతినేల. పగలదు."

"ఆడ తలపాగా ఎవరికి కడతారు?"

"గెలిచినోళ్ళకి కట్టండి."

కృష్ణసామి తానూ వంగి ఆ పగుల్లోకి చెయ్యి దించి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నా పొలం పనికిరాదని పోటీ కమిటీలో ఎవరు చెప్పేది?"

"నేను చెప్తాను. నాకేం బయం?"

"నువ్వు నోరెత్తొద్దు," అన్నాడాయన, గట్టు ఎక్కుతూ. "నా మన్ను సంగతి ఇంకొకరు చెప్తే నేను వినలేను. నేనే చెప్తాను. కారు తియ్యి, కమిటీ కాడికి పోదాం."