మూడో స్తంభం

మూడో స్తంభం దగ్గర మళ్లీ నిమ్మకాయలు కనబడ్డాయి.

ఈసారి నాలుగు. కోసి, కుంకుమ అద్ది, పసుపు ముగ్గు మధ్యలో పెట్టి ఉన్నాయి. పక్కనే ఒక చిన్నపిల్ల గాజు. కొమురవ్వ నెత్తి మీది తట్ట దించడం మరిచి అట్లాగే నిలబడిపోయింది.

పెద్దపల్లి నుంచి మంథని పోయే బాటలో వాగు మీద వంతెన కడుతున్నారు. కొమురవ్వ అక్కడ కూలి. తొమ్మిదేళ్ల కూతురు బాలలక్ష్మి కూడా అక్కడే కూలి. ఊగే పలకల మీద నడుస్తూ కంకర మోస్తుంది. మేస్త్రి రాయమల్లుకు పిల్లలంటే మహా ప్రేమ, సగం కూలికే వస్తారు గదా! పోయిన నెల ఒక పిల్ల పలక మీది నుంచి జారి పునాది గుంతలో పడి చచ్చిపోయింది. "కాలు సక్కగ పెట్టకపాయె" అన్నాడు రాయమల్లు. మధ్యాహ్నానికల్లా మళ్లీ పని మొదలుపెట్టించాడు.

"వంతెన నిలవాలంటె పసిపాణం కావాల్నట," గుడారాలకు నీళ్లు మోసే శంకరవ్వ చెవిలో ఊదింది.

"ఎవలన్నరు?"

"ఓవర్సీరు సారే! ఎవ్వలకు చెప్పకన్నడు. నీకొక్కదానికే చెప్తున్న."

శంకరవ్వ అప్పటికే పదిమందికి ఆ మాట అట్లాగే చెప్పింది.

కొమురవ్వ బిడ్డ కోసం పలకల వైపు చూసింది. సర్కారు ఓవర్సీరు రామచంద్రం ఎవరితోనూ నవ్వడు. వచ్చిందగ్గర్నుంచీ పిల్లల వైపే చూస్తుంటాడు. నిన్న బాలలక్ష్మిని ఆపి, పేరడిగి, వయసడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి తల్లులంతా పిల్లలను తలో ఊళ్లో చుట్టాల దగ్గరికి చేర్చారు. పూర్తి కూలి ఇస్తానని రాయమల్లు బతిమాలినా ఒక్కరూ పంపలేదు. కొమురవ్వ కూడా బిడ్డను మంథనిలో అన్న ఇంట్లో దిగబెట్టి, ఒంటరిగా పనికొచ్చింది.

రాగానే ఓవర్సీరు గుడారంలోకి పిలిచాడు.

"నీ బిడ్డ ఏది?"

"మా అన్న ఇంటికి తోలిన సారూ. ఇగ రాదు."

"మల్ల తీస్కొస్తవా?"

"నా పాణం పోయినా తేను!"

ఆయన నోటుబుక్కు తెరిచాడు.

"ఆడ బడి ఉన్నదా?"

"ఉన్నది. అన్న పిల్లలతోని పోతున్నది."

"సరే, పో."

కొమురవ్వ వెనక్కి చూడకుండా ఉరికింది.

రామచంద్రం నోటుబుక్కులో మిగిలిన బాలలక్ష్మి పేరు కూడా కొట్టేసి, 'పిల్లలను పనిలో పెట్టనీయకండి' అంటూ పైఅధికారులకు మూడుసార్లు రాసినా తిరిగొచ్చిన అర్జీల కిందికి కుంకుమ పొట్లాన్ని తోసి, పెట్టెకు తాళం వేశాడు.